పాడిందే పాట

త్రవాయోజ్, త్రవాయోర్. సభావేదిక మీద నిలబడినా, టీవీ కెమెరా ముందు కూర్చున్నా ఆర్లెట్ లాగియే నోటి నుంచి ముందుగా వచ్చేవి ఈ రెండు మాటలే. ఫ్రాన్స్‌లో 1974 నుంచి 2007 దాకా ముప్ఫై మూడేళ్లు, ఆరు అధ్యక్ష ఎన్నికల్లో ఆమె అభ్యర్థి. ఆమె రాజకీయాలంటే గిట్టనివాళ్లకు కూడా ఆ పిలుపు కంఠస్థం. పిల్లలు అనుకరించారు, హాస్యగాళ్లు అనుకరించారు, టీవీలో రోజూ వచ్చే తోలుబొమ్మల వ్యంగ్య కార్యక్రమంలో ఆమెకూ ఒక బొమ్మ ఉండేది.

ఆ రెండు మాటల్నీ తెలుగు చేయబోతేనే వాటి పనితనం తెలుస్తుంది. 'కార్మికులారా' అంటే చాలదు. అందులో ఆడా మగా కలిసిపోతారు, కలిసిపోయాక మగవాళ్లే కనిపిస్తారు. 'కార్మిక సోదర సోదరీమణులారా' అంటే చుట్టరికం వచ్చి పడుతుంది, పైగా సోదరుడే ముందు నిలబడతాడు. 'పనిచేసే అమ్మలారా, అయ్యలారా' అంటే కొంత దగ్గరకొస్తుంది గానీ హరికథ వాసన తగులుతుంది. ఫ్రెంచిలో మొదటి మాట పనిచేసే ఆడవాళ్లని, రెండోది పనిచేసే మగవాళ్లని పిలుస్తుంది. అంతే. చుట్టరికం లేదు, విశేషణం లేదు, 'ప్రియమైన' కూడా లేదు.

ఆ రోజుల్లో ఫ్రెంచి ప్రజల చెవిలో ఇంకో పిలుపు మోగుతూ ఉండేది. అంతకు ముందు అధ్యక్షుడుగా ఉన్న జనరల్ ద గోల్ దేశాన్ని ఉద్దేశించి మాట్లాడేటప్పుడు 'ఫ్రాన్సేజ్, ఫ్రాన్సే' అనేవాడు. ఫ్రెంచి స్త్రీలారా, ఫ్రెంచి పురుషులారా అని. ఆర్లెట్ పిలుపు సరిగ్గా అదే అచ్చులో పోసింది. లయ అదే, ఆడవాళ్లు ముందుండే వరసా అదే. మారింది ఒక్కటే: దేశం పోయి ఆ చోట పని వచ్చింది. జాతిని పిలిచే రాజగంభీరమైన పిలుపులోంచి జాతిని తీసేసి జీతగాళ్లను కూర్చోబెట్టడం. ముందే ఎంచుకుని చేసిందో, అలా కుదిరిందో నాకు ముఖ్యం కాదు. పెద్ద పెద్ద వ్యాసాలు చెప్పాల్సిన సిద్ధాంతాన్ని రెండు పదాలు మోసుకుపోయాయి.

ఎత్తిపొడవడానికి మనకో సామెత ఉంది, పాడిందే పాటరా పాచిపళ్ల దాసరీ అని. ఫ్రెంచి పత్రికలు ముప్ఫై ఏళ్లు ఆమె గురించి ఇంచుమించు ఇదే రాశాయి. మాట మారదు, జుట్టు కత్తిరింపు మారదు, కోరికల జాబితా మారదు అని. నా వాదన దీనికి అడ్డంగా ఉంటుంది. మారకపోవడం ఆమెకు చేతకానితనం కాదు, అది ఆమె నేర్చుకున్న పని. పల్లవి మళ్లీ మళ్లీ ఎత్తుకునే పాటగాణ్ని, ఇతనికి వేరే ముక్క రాదా అని ఎవరూ అడగరు. ఏ సంగతి తర్వాత ఎత్తుకున్నాడో చూస్తారు. ఆర్లెట్‌ని అలా చూడాలని నా కోరిక.

(ఇంటిపేరు వదిలేసి ఆర్లెట్ అనడం నా చనువు కాదు. ఫ్రాన్స్ అంతా అలాగే అనేది. అధ్యక్షులైనవాళ్లలో జిస్కార్ దెస్తాన్‌ను ఎవరూ వలేరీ అనలేదు, మిత్తెరాన్‌ను ఫ్రాన్స్వా అనలేదు. ఆడమనిషి అనీ, బ్యాంకు గుమాస్తా అనీ వచ్చిన చనువు అందులో కొంత ఉంది. ఆమె దాన్ని కాదనలేదు, వాడుకుంది.)

ఆమె 1940 మార్చిలో పారిస్‌లో పుట్టింది, నగరానికి ఆనుకుని ఉన్న లే లిలా అనే చిన్న ఊళ్లో పెరిగింది. శ్రామిక కుటుంబం. పదహారో ఏట, 1956లో, క్రెడీ లియొనే అనే పెద్ద బ్యాంకులో టైపిస్టుగా చేరింది. అప్పటికి ఫ్రాన్స్‌లో పెళ్లయిన స్త్రీ భర్త ఒప్పుకోలు లేకుండా తన పేరున బ్యాంకు ఖాతా తెరవడానికి వీల్లేదు. ఆ చట్టం 1965లో గానీ మారలేదు. ఖాతాల తాలూకు కాగితాలు టైపు చేసే అమ్మాయిలకు పెళ్లయితే సొంత ఖాతా లేని కాలం అది. ఆమె రాజకీయాల్లోకి వచ్చింది మాత్రం బ్యాంకు దారిన కాదు, అల్జీరియా యుద్ధం దారిన. ఆ యుద్ధాన్ని వ్యతిరేకించే యువతరంలో ఒకతెగా మొదట ఒక చిన్న సోషలిస్టు పార్టీలో చేరి, అక్కణ్నుంచి రష్యా విప్లవకారుడు ట్రాట్‌స్కీ అనుచరుల దగ్గరికి నడిచింది.

ఆ అనుచరుల్లో ఎన్నో ముఠాలు. ఆమె చేరినది వాటిలో అతి మొండిది. 'వ్వా ఊవ్రియేర్', అంటే కార్మికుల గొంతు, దాని పేరు. 1968 మే ఉద్యమం తర్వాత జూన్‌లో ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తే, అదే నెలలో 'లూత్ ఊవ్రియేర్', కార్మిక పోరాటం, అనే పత్రికగా మళ్లీ లేచింది. విశ్వవిద్యాలయాల్లో గొప్ప ఉపన్యాసాలిచ్చే తోటి ట్రాట్‌స్కీవాదులతో వీళ్లకు పొసగలేదు. వీళ్ల లోకమంతా కర్మాగారం గేటు, ఆ గేటు దగ్గర పంచే కరపత్రం.

ఈ కరపత్రం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆర్లెట్ మాటతీరు తయారైన కార్ఖానా ఇదే. ఒకే కాగితం, రెండు వైపులా అచ్చు. ఒక వైపు రాజకీయ సంపాదకీయం, అన్ని ఫ్యాక్టరీలకూ అదే. రెండో వైపు ఆ ఒక్క ఫ్యాక్టరీ, ఆ ఒక్క ఆఫీసు కబుర్లు: క్యాంటీన్ ధర పెరగడం, చలికాలంలో షెడ్డులో వేడి లేకపోవడం, ఫలానా విభాగంలో ఇద్దరి పని ఒకరి మీద వేయడం. ఈ కబుర్లు లోపల పనిచేసేవాళ్లు చెబితే రాసేవి. చదివేది కూడా వాళ్లే. కాబట్టి ఒక్క అంకె తప్పు పడినా, ఒక్క మాట బడాయిగా ఉన్నా మర్నాడు గేటు దగ్గరే పరువు పోతుంది. తెల్లవారుజామున షిఫ్టు మారే వేళ, నడుస్తూ నడుస్తూ అందుకునే కాగితం. యంత్రం దగ్గరికి చేరేలోగా చదివెయ్యాలి. రెండు వారాలకోసారి, సమ్మె ఉన్నా లేకున్నా, ఎన్నికలున్నా లేకున్నా, అది రావలసిందే.

ఇలాంటి కాగితానికి రాయడం నేర్చుకున్నవాళ్ల వాక్యం ఎలా ఉంటుంది? పొట్టిగా ఉంటుంది. క్రియ దగ్గరగా ఉంటుంది. 'పెట్టుబడిదారీ ఉత్పత్తి సంబంధాలు' అనాల్సిన చోట 'యజమానులు' అంటుంది. మన వామపక్ష కరపత్రాలు చదివిన అలవాటుతో నాకు ఇది వింతగానే తోచింది. మన దగ్గర సంస్కృత సమాసం పొడుగు పెరిగేకొద్దీ విప్లవం దగ్గరపడినట్టు ఉంటుంది. ఆర్లెట్ ప్రసంగాల్లో జీతం, అద్దె, తొలగింపు, లాభం, పింఛను అన్న మాటలే వస్తాయి. కూలి ఎంత, దానితో నెల ఎలా గడవాలి, కంపెనీ ఎంత సంపాదించింది. పెద్ద సిద్ధాంతం అంతా ఈ మూడు ప్రశ్నల కింద ఇటుకలా ఉంటుంది, పైకి కనిపించదు. ఫ్రాన్స్‌లో రాజకీయనాయకులంటే ఉన్నత విద్యాలయాల్లో వాగ్ధాటి నేర్చినవాళ్లు. వాళ్ల పక్కన ఈమె మాట, పైనుంచి డిక్టేషన్ తీసుకునే టైపిస్టు ఒకనాడు లేచి తన ఉత్తరం తనే టైపు చేసుకున్నట్టు ఉండేది.

1974 ఫిబ్రవరిలో క్రెడీ లియొనేలో సమ్మె మొదలైంది. మిగతా బ్యాంకులకూ పాకి వారాల తరబడి సాగింది. సమ్మెకారుల్లో యువతీయువకులు ఎక్కువ, ఆఫీసు పని చేసే ఆడవాళ్లు మరీ ఎక్కువ. ఆర్లెట్ ఆ సమ్మె నాయకుల్లో ఒకరుగా బయటివాళ్లకు తెలిసింది. అంతలో, ఏప్రిల్ 2న, అధ్యక్షుడు పాంపిడూ పదవిలో ఉండగానే చనిపోయాడు. నెల రోజుల్లో ఎన్నిక. లూత్ ఊవ్రియేర్ ముప్ఫై నాలుగేళ్ల ఈ టైపిస్టును నిలబెట్టింది. ఫ్రాన్స్ అధ్యక్ష పదవికి ఒక స్త్రీ పోటీ చేయడం అదే మొదలు. అక్కడ ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చి అప్పటికి ముప్ఫై ఏళ్లు.

అధికార ప్రచారంలో అభ్యర్థులందరికీ ప్రభుత్వ టీవీలో సమానంగా సమయం ఇవ్వాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆర్లెట్ అనే మనిషి దేశానికి తెలిసేదే కాదు. కెమెరా ముందు కూర్చుని, తాను ఆడదాన్నేననీ, ఈ మగవాళ్ల రిపబ్లిక్‌కు అధ్యక్షురాలినవుతానని పోటీకి దిగడానికి తెగిస్తున్నాననీ చెప్పింది. ఆ వాక్యంలో పనితనం చూడండి. 'స్త్రీలకు సమాన హక్కులు కావాలి' అని ఎవరైనా అనగలరు. ఆమె రిపబ్లిక్ అనే మాటకే విశేషణం తగిలించింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని గోడల మీద చెక్కుకున్న వ్యవస్థ అది. అది మగవాళ్లది అని చెప్పడానికి ఆమె వాదన ఏదీ పెట్టలేదు. పన్నెండుమంది అభ్యర్థులను వరసగా చూపిస్తున్న ఆ టీవీయే సాక్ష్యం.

ఓట్లు 5,95,247 వచ్చాయి, అంటే 2.33 శాతం. తోటి ట్రాట్‌స్కీవాది, 1968 వీధుల్లో పేరు మోసిన అలెన్ క్రివిన్‌కు అర శాతం కూడా రాలేదు. నినాదాల హీరో కంటే బ్యాంకు గుమాస్తా ఎక్కువమందికి తమ మనిషిలా తోచింది.

ఎన్నికలైపోయాక మర్నాడు ఏం చేసిందన్నది నాకు ప్రసంగం కంటే ఆసక్తి. తిరిగి బ్యాంకుకు వెళ్లింది. రాజకీయం వృత్తి అయిపోతే మాట మారిపోతుందని ఆ సంస్థ నమ్మకం. 2000లో పదవీ విరమణ దాకా ఆమె క్రెడీ లియొనే ఉద్యోగే, యూనియన్ మనిషే. ఈ క్రమంలో పురపాలక సభ్యత్వం, ఇల్-ద-ఫ్రాన్స్ ప్రాంతీయ మండలి సభ్యత్వం, 1999 నుంచి 2004 దాకా ఐరోపా పార్లమెంటు సభ్యత్వం వచ్చి వెళ్లాయి.

ఆరుసార్లు పోటీ చేయడం వెనక ప్రసంగాలకు సంబంధం లేని మరో హస్తకళ ఉంది. ఫ్రాన్స్‌లో అధ్యక్ష అభ్యర్థి కావాలంటే ఎన్నికైన ప్రతినిధుల సంతకాలు తేవాలి. 1974లో వంద చాలేవి. 1976 చట్టంతో అది ఐదు వందలైంది, కనీసం ముప్ఫై జిల్లాల నుంచి ఉండాలి. పెద్ద పార్టీలకు ఇది లెక్క కాదు, వాళ్ల సొంత మేయర్లే వేలల్లో ఉంటారు. ఒక్క మేయరు కూడా లేని సంస్థ ఏం చేయాలి? ఫ్రాన్స్‌లో అప్పట్లో ముప్ఫై ఆరు వేలకు పైగా పురపాలికలు ఉండేవి, వాటిలో చాలా మటుకు కొన్ని వందల గడపల పల్లెలు. లూత్ ఊవ్రియేర్ కార్యకర్తలు సెలవు రోజుల్లో ఆ పల్లెలకు పోయి, ఏ పార్టీకీ చెందని మేయరు తలుపు తట్టి, మీరు మాకు ఓటు వేయనక్కర్లేదు, మేం పోటీలో ఉండే హక్కు కోసం సంతకం పెట్టండి అని అడిగేవాళ్లు. ఒప్పుకోని వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లేవాళ్లు. విప్లవం కావాలనేవాళ్లు వ్యవసాయదారుడైన ఒక పల్లె మేయరు వంటింట్లో కూర్చుని మర్యాదగా సంతకం అడుక్కోవడం నాకు చాలా ఇష్టమైన దృశ్యం. 1981, 1988, 1995, 2002, 2007, ఐదుసార్లూ ఆ ఐదు వందలు వచ్చాయి. మొదటి మూడుసార్లూ ఓట్లు రెండు శాతం దగ్గరే తిరిగాయి. 1988లో అదీ తగ్గి 1.99కి వచ్చింది.

1995లో పల్లవికి ఒక్కసారి కొత్త శ్రోతలు దొరికారు. సోషలిస్టు మిత్తెరాన్ పద్నాలుగేళ్ల అధ్యక్షత జనాన్ని అలసిపోయేలా చేసింది, నిరుద్యోగం తగ్గలేదు. పాత కమ్యూనిస్టు పార్టీ కుంగిపోతోంది. ఆర్లెట్‌కు 16,15,552 ఓట్లు, 5.30 శాతం. ఆ ఎన్నికల్లో ఆమె ముందు పెట్టిన 'అత్యవసర ప్రణాళిక'లో లాభాల్లో ఉన్న కంపెనీలు ఉద్యోగులను తీసేయకూడదు, లాభాల మీద పన్ను పెంచాలి, ప్రభుత్వ సేవల్లో మనుషులను పెట్టాలి అన్నవి అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు నచ్చింది అంత పేరు రాని ఇంకో అంశం: కంపెనీల వ్యాపార రహస్యాన్ని రద్దు చేయాలి, లెక్కల పుస్తకాలు పనివాళ్ల ముందు తెరవాలి. ఇది ట్రాట్‌స్కీవాదుల పాత కోరికే. కానీ దాన్ని ఒక బ్యాంకు ఉద్యోగిని అడిగినప్పుడు బరువు వేరు. పైగా ఆమె బ్యాంకు అప్పట్లో ఏ స్థితిలో ఉంది? క్రెడీ లియొనే పెద్దలు చేసిన దుస్సాహసాల వల్ల తల తిరిగే నష్టాల్లో పడి, ప్రజాధనంతో దాన్ని ఆదుకోవలసి వచ్చింది. లోపలి లెక్కలు ఎవరికీ చూపించకపోతే ఏమవుతుందో ఉదాహరణకు ఆమె వెతుక్కోనక్కర్లేదు, తను పనిచేసే భవనం చూపిస్తే చాలు.

మెచ్చుకుంటూ రాస్తున్నాను గానీ కళ్లు మూసుకుని కాదు. యజమానుల పుస్తకాలు తెరవమన్న ఈ సంస్థ తన పుస్తకం మాత్రం మూసే ఉంచింది. సభ్యులకు మారుపేర్లు, సమావేశాలు గుట్టుగా. అసలు నాయకుడు హార్డీ అనే మారుపేరు గల రోబేర్ బార్సియా అని 1990ల చివర్లో పత్రికలు బయటపెట్టేదాకా ఓటర్లకు తెలియదు. ఆమె ముఖం, ఆయన బుర్ర అని అప్పుడు కొందరు తేల్చేశారు. అది పూర్తిగా నిజమని నేననుకోను. ఎవరో రాసిచ్చినది చదివేవాళ్ల గొంతు ముప్ఫై ఏళ్లు అలా నిలబడదు. అయినా మచ్చ మచ్చే. 1995 ఎన్నికల రాత్రి ఆమె పెద్ద శ్రామిక పార్టీ ఒకటి కట్టాలని పిలుపిచ్చింది, తర్వాత సంస్థ ఆ పిలుపును చల్లారనిచ్చింది. దాన్ని నమ్మి గట్టిగా పట్టుకున్న సొంత మనుషులను బయటికి పంపింది కూడా. పదహారు లక్షల మంది తలుపు తడితే లోపలివాళ్లు గడియ సరిచూసుకున్నారు. ఐరోపా పార్లమెంటులోనూ అంతే. డబ్బు సరిహద్దులు దాటే లావాదేవీల మీద టోబిన్ పన్ను వేసే సంగతి పరిశీలించాలనే తీర్మానం వస్తే, పెట్టుబడిదారీ వ్యవస్థకు అతుకులు వేసే పని మాది కాదని ఆమె బృందం మద్దతు ఇవ్వలేదు. ఎడమపక్షంలో చాలామంది దాన్ని క్షమించలేదు.

ఇక 2002. ఏప్రిల్ 21 రాత్రి. పదహారుమంది అభ్యర్థులు. ఆర్లెట్‌కు 16,30,045 ఓట్లు, 5.72 శాతం, ఆమె జీవితంలో అత్యధికం. కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థికి 3.37 మాత్రమే వచ్చింది. మరో ట్రాట్‌స్కీవాది, యువకుడైన పోస్ట్‌మ్యాన్ ఒలివియే బెజాన్సెనోకు 4.25. వీళ్లిద్దరితో పాటు పోటీలో ఉన్న మూడో ట్రాట్‌స్కీవాదివీ కలిపితే పది శాతం దాటింది. అదే రాత్రి సోషలిస్టు ప్రధాని జోస్పాన్ రెండు లక్షల లోపు తేడాతో మూడో స్థానానికి పడిపోయాడు. తీవ్ర మితవాది లె పెన్ రెండో రౌండుకు వెళ్లాడు. జోస్పాన్ కూడా యవ్వనంలో ట్రాట్‌స్కీవాదేననీ, ఆ సంగతి అంతకు ముందు ఏడాదే ఒప్పుకున్నాడనీ గుర్తుంటే ఆ రాత్రి ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది.

దేశమంతా వీధుల్లోకి వచ్చి లె పెన్‌ను ఆపడానికి రెండో రౌండులో అతని ప్రత్యర్థి, అధ్యక్షుడు షిరాక్‌కు ఓటేయమంది. బెజాన్సెనో పార్టీ కూడా లె పెన్‌కు వ్యతిరేకంగా ఓటేయమంది. ఆర్లెట్ అనలేదు. లె పెన్‌కూ వద్దు, షిరాక్‌కూ వద్దు, ఖాళీ కాగితం వేయండి అన్నది ఆమె సంస్థ వైఖరి. నిన్నటిదాకా ఆమెను ముచ్చటగా చూసినవాళ్లే ఆ రెండు వారాలు తిట్టిపోశారు. రాజకీయంగా నేను ఆమెతో ఏకీభవించను. పనితనం దృష్ట్యా చూస్తే మాత్రం వేరే దారి లేదు. మీకూ వాళ్లకూ ఉమ్మడి ప్రయోజనం లేదని ముప్ఫై ఏళ్లుగా పాడుతున్న పాట అది. ఆ ఒక్క చరణంలో రాగం మార్చి ఉంటే వెనకటి చరణాలన్నీ అపశ్రుతి అయిపోయేవి. అందరూ మెచ్చుకునే సులువైన మార్పు చేతికందేంత దూరంలో ఉన్నప్పుడు దాన్ని వదిలేయడానికి ఎంత సాధన కావాలో, ఆ వదిలేయడం ఎంత ఖరీదో, రెండూ ఆ వసంతంలో ఒకేసారి కనిపించాయి.

ఏటా పెంతెకోస్తు సెలవుల్లో పారిస్‌కు ఉత్తరాన ప్రెల్ అనే ఊళ్లో లూత్ ఊవ్రియేర్ మూడు రోజుల తిరునాళ్ల చేస్తుంది. చెట్ల నీడన తిండి దుకాణాలు, పాటలు, పుస్తకాలు, చర్చలు, పిల్లల ఆటలు. అక్కడ ఆర్లెట్ ప్రసంగం వార్షికోత్సవంలో దీపం వెలిగించినట్టు ఉండేది. ఏం చెబుతుందో వచ్చినవాళ్లందరికీ తెలుసు, తెలిసే వచ్చేవాళ్లు. ఆమె మీద ఆపేక్ష వామపక్షం దాటి ఎంత పాకిందంటే, అలెన్ సూషోన్ లాంటి పేరున్న గాయకుడు 1993 నాటి తన ఆల్బంలో ఒక పాటకు ఆమె పేరే పెట్టాడు. విప్లవం కోరే మనిషి మీద ప్రేమపాట లాంటిది రావడం ఆ సంస్థ పెద్దలకు ఎలా తోచిందో గానీ, నాకు మాత్రం నవ్వొచ్చింది.

2007లో ఆరోసారి, ఆఖరిసారి. ఓట్లు బెజాన్సెనో వైపు, భయం కొద్దీ సోషలిస్టుల వైపు పోయాయి. ఆమెకు మిగిలినవి 4,87,857, అంటే 1.33 శాతం. మొదటిసారి వచ్చిన వాటికంటే లక్షకు పైగా తక్కువ. మరుసటి ఏడాది డిసెంబరులో సంస్థ ప్రతినిధి బాధ్యతను పాఠశాలలో అర్థశాస్త్రం చెప్పే నతాలీ ఆర్తోకు అప్పగించి పక్కకు తప్పుకుంది.

ఆ ఆఖరి ఎన్నికలో కూడా, మొదటి ఎన్నికలో లాగే, అభ్యర్థులు పన్నెండుమంది. 1974లో ఆ పన్నెండుమందిలో ఆడమనిషి ఆర్లెట్ ఒక్కతే. 2007లో నలుగురు: కమ్యూనిస్టు పార్టీ నుంచి బ్యుఫే, పర్యావరణ పార్టీ నుంచి వ్వానే, సోషలిస్టుల తరఫున సెగొలేన్ రొయాల్, ఆపైన ఆర్లెట్. రొయాల్ రెండో రౌండుకు చేరింది. ఐదేళ్ల కిందట షిరాక్‌కు ఓటేయమనని ఆర్లెట్, ఈసారి ఫలితాలు వచ్చిన రాత్రే రొయాల్‌కు ఓటు వేస్తానని చెప్పింది.